కూర్చుని మాట్లాడమన్న పెద్దమనిషి – శ్రీ వి.వి. గిరి

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగినపుడు నాకు వెంటనే తోచిన పేరు కీర్తిశేషులు వరాహగిరి వెంకటగిరి గారిది. రాష్ట్రపతిగా ఆయనను గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నేను వ్రాయదలచింది వేరు. 1973లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో దిగువ తరగతి గుమాస్తాగా చేరి 2010లో రిటైరయ్యాను. అందులో ఇరవై ఏళ్లకు పైగా ఆఫీస్ కౌన్సిల్ సమావేశాల్లో స్టాఫ్ సైడ్ తరఫున కూర్చున్నాను. బల్లకు ఒకవైపు అధికారులు, రెండోవైపు మేము. ఎజెండా ఉండేది, టీ ఉండేది, తగవులుండేవి, చివర మినిట్స్ ఉండేవి. ఆ బల్ల మన దేశంలో ఊరికే వచ్చి పడలేదు. దానికోసం జీవితమంతా వాదించిన వారిలో మన తెలుగువారు ఒకరు మొదటి వరుసలో ఉన్నారు. ఆయనే గిరిగారు.

మిత్రులారా! మనలో చాలామందికి ఆయన 1969 ఎన్నికతోనే గుర్తు. అంతకు ముందు నలభై ఏళ్లకు పైగా ఆయన చేసిన పని మన ఉద్యోగ జీవితాలను తాకింది. అందుకే మొదటి నుంచీ చెబుతాను.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా ఏర్పడినపుడు ఆ రాష్ట్రంలోకి వెళ్లింది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు. తల్లి సుభద్రమ్మగారు. బరంపురంలోని కళ్లికోట కళాశాలలో చదివిన తరువాత 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు రాజధాని డబ్లిన్ వెళ్లారు. ఆ రోజుల్లో సీమచదువు అంటే లండన్ అన్న లెక్క. డబ్లిన్ వెళ్లడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఆయన అడుగుపెట్టిన 1913లోనే డబ్లిన్‌లో యజమానులు సంఘంలో చేరిన కార్మికులకు గేట్లు మూసివేశారు. సుమారు 20 వేలమంది నెలల తరబడి కూలి లేక పస్తులున్నారు. యజమానులు సంఘాన్ని గుర్తించబోమనీ, దానితో మాట్లాడబోమనీ పట్టుబట్టడమే తగవుకు మూలం. ఆ కార్మిక నాయకులలో ఒకరైన జేమ్స్ కొనలీ ప్రభావం గిరిగారి మీద గాఢంగా పడింది. 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత కొనలీని బ్రిటిష్‌వారు కాల్చి చంపారు. ఐరిష్ స్వాతంత్ర్య వాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిగారిని దేశం విడిచిపొమ్మన్నారు. ఇరవై రెండేళ్లయినా నిండకముందే ఆయన ఇంటికి తిరిగివచ్చారు. వెంట తెచ్చుకున్నది బారిస్టరు చదువు ఒక్కటే కాదు. పనిచేసేవాడికి సంఘం ఉండాలనీ, ఆ సంఘంతో యజమాని మాట్లాడి తీరాలనీ ఒక నిశ్చయం కూడా తెచ్చుకున్నారు.

రైలు కార్మికుల మధ్య

కొంతకాలం ప్రాక్టీసు చేసి, సహాయ నిరాకరణ పిలుపు రాగానే కోర్టు విడిచిపెట్టారు. 1922లో కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు చేసి జైలుకు వెళ్లారు. తరువాత ఆయన పని రైలు కార్మికులలో సాగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే అంటే మన ఉత్తరాంధ్రవారికి ఇంటి రైలు. వాల్తేరు వరకు ఆ లైనే. దాని పెద్ద వర్కుషాపులు ఖరగ్‌పూర్‌లో ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి మనవాళ్లు వేలాదిగా ఖరగ్‌పూర్ వెళ్లి లోకో షెడ్లలో, ఫౌండ్రీల్లో పనిచేశారు. ఇప్పటికీ అక్కడ తెలుగు పేటలున్నాయి. గిరిగారు ఆ రైల్వే కార్మిక సంఘానికి నాయకులయ్యారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను నిలబెట్టిన వారిలో ఒకరయ్యారు.

1927-28లో ఖరగ్‌పూర్ వర్కుషాపుల్లో మనుషులను తగ్గించబోతున్నారని తెలిసి పెద్ద సంఘర్షణ జరిగింది. సమ్మె, లాకౌటు రెండూ జరిగాయి. గిరిగారు దానిని శాంతియుతంగా నడిపారు. తొలగించిన వారి విషయంలో యాజమాన్యం మెట్టు దిగవలసి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సమ్మె చేయడం ఆయనకు తెలుసు, చేసి చూపించారు. తరువాత కాలంలో చర్చలు అన్నది ఆయన పిరికితనంతో అన్న మాట కాదు. సమ్మెలో కార్మికుని ఇంటి పొయ్యి ఎన్నాళ్లు ఆరిపోతుందో దగ్గర నుంచి చూసినవాడు అన్న మాట అది.

అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయన 1926లో ఒకసారి, 1942లో మరొకసారి అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. అక్కడ బల్లకు మూడు వైపులుంటాయి: ప్రభుత్వం, యజమాని, కార్మికుడు. ముగ్గురూ సమాన హోదాలో కూర్చుంటారు. తిరిగివచ్చాక మన దేశంలోనూ అదే ఏర్పాటు రావాలని జీవితాంతం వాదించారు.

విట్లీ పేరు రెండుసార్లు

మన జేసీఎం స్కీము చదివినవారికి విట్లీ కౌన్సిల్ అన్న మాట తెలుసు. జె.హెచ్. విట్లీ బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, తరువాత కామన్స్ సభ స్పీకరు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1917లో ఆయన కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. తగవు వచ్చిన తరువాత మాట్లాడుకోవడం కాక, తగవు ఉన్నా లేకున్నా రెండు పక్షాలూ నియమిత కాలంలో కూర్చునే సంయుక్త సంఘాలు ఉండాలన్నది దాని సారం. పరిశ్రమల కోసం వ్రాసిన ఈ పద్ధతిని 1919లో బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగులకు కూడా వర్తింపజేశారు. పైన జాతీయ కౌన్సిల్, దాని కింద శాఖల కౌన్సిళ్లు.

అదే విట్లీ 1929లో భారతదేశానికి రాయల్ కమిషన్ ఆన్ లేబర్ అధ్యక్షుడుగా వచ్చారు. ఆ కమిషన్‌తో సహకరించాలా, బహిష్కరించాలా అన్న ప్రశ్న మీద ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ రెండుగా చీలింది. తెల్లవారి కమిషన్‌ను బహిష్కరించాలని ఎక్కువమంది పట్టుబట్టారు. ఆ రోజుల వేడి అలాంటిది. ఎన్.ఎం. జోషి, గిరిగారు మొదలైనవారు బయటికి వచ్చి ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషన్ పెట్టారు. కార్మికుని బాధ వ్రాతలో నమోదయ్యే అవకాశాన్ని చేతులారా వదులుకోరాదన్నది వారి పక్షం. ఆ రోజున వారిని మెతకవారు అన్నవారున్నారు. కమిషన్ 1931లో ఇచ్చిన నివేదిక తరువాతి కార్మిక చట్టాలకు ఆధారమైంది. 1930ల చివరకు విడిపోయిన సంఘాలు మళ్లీ దగ్గరై కలిశాయి. 1942లో గిరిగారినే మరల అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. మెతకవాడన్న నిందకు ఇంతకంటె జవాబు అక్కరలేదు.

మధ్యలో 1931లో రెండవ రౌండు టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా లండన్ వెళ్లారు. 1934 నుంచి 1937 వరకు కేంద్ర శాసనసభలో ఉన్నారు.

బొబ్బిలి ఎన్నిక, మంత్రి పదవి

1937 ఎన్నికలలో బొబ్బిలిలో రాజావారి మీద గిరిగారిని కాంగ్రెస్ నిలబెట్టింది. రాజావారు అంతకుముందు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన జస్టిస్ పార్టీ నాయకులు. తన సంస్థానంలోనే ఆయన ఓడిపోయారు. మా నాన్నగారి కాలంవారు ఆ ఎన్నికను పండుగ సంగతిలా చెప్పుకునేవారు. గిరిగారు రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి. తరువాత జైళ్లు. క్విట్ ఇండియా ఉద్యమంలో వెల్లూరు, అమరావతి జైళ్లలో 1945 వరకు ఉన్నారు. ఈ అమరావతి మన గుంటూరుది కాదు, నాగపూరు దగ్గరిది. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక మంత్రి. 1947 నుంచి 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనర్. తేయాకు తోటల కూలీల పౌరసత్వం చిక్కుపడిన రోజులవి.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూగారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. అప్పటికి యుద్ధకాలపు అలవాటు ఒకటి దేశంలో పాతుకుపోయింది. తగవు వస్తే ప్రభుత్వం దానిని ట్రిబ్యునల్‌కు పంపుతుంది, ట్రిబ్యునల్ తీర్పు ఇస్తుంది, ఓడినవారు పైకి వెళతారు. ఈలోగా నాలుగైదేళ్లు గడుస్తాయి. గిరిగారికి ఈ పద్ధతి నచ్చలేదు. రెండు పక్షాలూ కూర్చుని తమ తగవు తామే తేల్చుకోవాలి, అవసరమైతే మధ్యవర్తిని పెట్టుకోవాలి, ట్రిబ్యునల్ అన్నది ఆఖరి మెట్టు కావాలన్నారు. 1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభలో ఈ విషయం మీద పెద్ద చర్చ జరిగింది. దీనికే తరువాత గిరి విధానం అన్న పేరు వచ్చింది.

దానికి ఎదురు వాదన లేకపోలేదు. బలమైన సంఘం ఉన్నచోట బేరం కుదురుతుంది, బలహీనమైన సంఘం ఉన్నచోట కార్మికుడికి ట్రిబ్యునలే దిక్కు అని చాలామంది అన్నారు. అందులో నిజం ఉంది. గిరిగారి జవాబు ఏమిటంటే, అడుగడుగునా ప్రభుత్వం చేయి పట్టుకుని నడిపిస్తే సంఘానికి ఎన్నటికీ కాళ్లు రావని. ప్రభుత్వం ఆయన విధానాన్ని పూర్తిగా స్వీకరించలేదు. ఇప్పటికీ మన దేశంలో ఈ రెండు వాదాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

ఒక రాజీనామా

బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. అప్పీలు మీద లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954లో నిర్ణయం చెప్పింది. ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఉద్యోగులకు నష్టమయ్యేలా కొంత మార్చింది. ట్రిబ్యునల్ పద్ధతినే ఇష్టపడని గిరిగారు ఇక్కడ ఆ ట్రిబ్యునల్ తీర్పు కోసం నిలబడ్డారు. రెండు పక్షాలనూ మధ్యవర్తి దగ్గరకు పంపినవారు, తీర్పు వచ్చాక దానిని తామే కొట్టివేస్తే ఇకమీదట ఎవరు నమ్ముతారన్నది ఆయన ప్రశ్న. ఆ సంవత్సరమే మంత్రి పదవికి రాజీనామా చేశారు. తరువాత ప్రభుత్వం బ్యాంకు అవార్డు కమిషన్‌ను వేసి, 1955లో దాని సిఫార్సుల మీద సమస్యను పరిష్కరించింది.

నేను చాలామంది మంత్రుల పేర్లు ఫైళ్ల మీద వ్రాశాను. గుమాస్తాల జీతాల కోసం పదవి వదులుకున్న మంత్రి పేరు నాకు ఇదొక్కటే తెలుసు.

1957లో పార్వతీపురం నుంచి పోటీ చేసి ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక స్థానం గిరిజనులకు రిజర్వు. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఇద్దరూ గిరిజన అభ్యర్థులే అయ్యారు. జనరల్ స్థానం కూడా గిరిజన అభ్యర్థికి ఇవ్వవచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో కోర్టు గిరిగారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. రిజర్వేషను ఒక రక్షణే గాని హద్దు కాదన్న ఆ సూత్రం ఈనాటికీ పనికివస్తున్నది. గిరిగారు ఓడిపోయిన కేసు వలన కూడా దేశానికి మేలే జరిగింది.

తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా పది సంవత్సరాలు గడిచాయి. 1957లోనే కార్మిక ఆర్థికశాస్త్ర అధ్యయనానికి ఏర్పడిన జాతీయ సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు.

మన బల్ల ఎలా వచ్చింది

రైల్వేలలో సంఘానికీ యాజమాన్యానికీ నియమితంగా సమావేశాలు జరిగే శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం 1952 నుంచి అమలులోకి వచ్చింది. మనవాళ్లు దానిని పీఎన్ఎం అంటారు. మిగతా కేంద్ర ఉద్యోగులకు అలాంటిది లేదు. రెండవ వేతన సంఘం 1959 నివేదికలో విట్లీ తరహా ఏర్పాటు ఉండాలని సూచించింది. 1960 జులైలో కేంద్ర ఉద్యోగులు ఐదు రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం కఠినంగా అణచింది. ఆ చేదు అనుభవం తరువాతనే జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ, అంటే జేసీఎం, 1966లో ప్రారంభమైంది.

దాని కట్టడి మనకు తెలిసినదే. పైన కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన నేషనల్ కౌన్సిల్, దాని కింద డిపార్ట్‌మెంటల్ కౌన్సిల్, అట్టడుగున ఆఫీస్ కౌన్సిల్. జీతభత్యాలు, వారపు పనిగంటలు, సెలవులు అనే మూడు విషయాలలో ఏకాభిప్రాయం కుదరకపోతే నిర్బంధ మధ్యవర్తిత్వం. తీర్పు ఇద్దరికీ శిరోధార్యం, పార్లమెంటుకు మాత్రమే దానిని మార్చే అధికారం. 1954లో గిరిగారు ఏ మాట మీద రాజీనామా చేశారో ఆ మాటే స్కీములో నియమంగా వచ్చి కూర్చుంది. మన రాష్ట్ర ఉద్యోగ మిత్రులకు చీఫ్ సెక్రటరీ అధ్యక్షతన, జిల్లాల్లో కలెక్టర్ల అధ్యక్షతన జాయింట్ స్టాఫ్ కౌన్సిళ్లు ఉన్నాయి. అవీ ఇదే కుటుంబంలోనివి.

కాని కాగితం మీద ఉన్నంత మాత్రాన బల్ల పనిచేయదు. జేసీఎం వచ్చిన రెండేళ్లకే, అవసరాల ఆధారిత కనీస వేతనం విషయాన్ని మధ్యవర్తికి పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఫలితంగా 1968 సెప్టెంబరు 19న ఒకరోజు సమ్మె జరిగింది. వేలమంది మీద చర్యలు తీసుకున్నారు. నేను చేరిన ఆఫీసులో 1968వారు అని ఒక పేరు ఉండేది. సస్పెండయి తిరిగివచ్చిన సీనియర్లను అలా పిలిచేవారు.

రాష్ట్రపతి భవనంలో

1967లో గిరిగారు ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మేలో జాకీర్ హుస్సేన్ గారు మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడు రాజీనామా ఇచ్చి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. పదిహేనేళ్ల క్రితం బ్యాంకు గుమాస్తాల కోసం పదవి వదిలిన వ్యక్తే ఆ బ్యాంకులను ప్రభుత్వపరం చేసే కాగితం మీద సంతకం చేశారు. ఎదురు అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డిగారు. మూడవవారు సి.డి. దేశ్‌ముఖ్. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 విలువైన ఓట్లు వచ్చాయి. ఎన్నికపై పిటిషను పడితే 1970లో రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్లి సాక్ష్యం ఇచ్చారు. అడిగినవారికి జవాబు చెప్పడం చిన్నతనమని ఆయన అనుకోలేదు.

ఇక్కడే నాకు మనసు కలుక్కుమనే సంగతి ఒకటి ఉన్నది. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. పనిగంటలు, బోనసు, జీతాల కోసం లక్షలమంది దిగారు. 20 రోజులు నడిచింది. వేలాదిమందిని జైళ్లలో పెట్టారు, ఉద్యోగాల నుంచి తీసివేశారు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాదే. విశాఖపట్నంలో నేను అద్దెకున్న వాటాలో పక్క పోర్షన్ ఒక రైల్వే ఫైర్‌మన్‌ది. ఆయనను రాత్రిపూట పోలీసులు తీసుకుపోయారు. ఆయన భార్యను నేను పిన్నిగారూ అని పిలిచేవాడిని. నెల రోజులు ఆమె మా అమ్మ దగ్గర బియ్యం బదులు తీసుకుని పిల్లలకు వండిపెట్టింది. వాళ్ల ఇంటి గోడ మీద గిరిగారి క్యాలెండరు ఫోటో ఉండేది. ఆమె దానిని తీసివేయలేదు.

రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను నిలబెట్టిన మనిషి రాష్ట్రపతి పీఠంలో ఉండగా ఆ ఫెడరేషన్ సమ్మె అలా అణగిపోయింది. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడవాలి. అది తెలుసు. తెలిసినా ఆ రోజుల్లో నాబోటి కుర్రవాళ్లం ఆయనను క్షమించలేదు. అప్పటికి రైల్వేలలో పీఎన్ఎం వచ్చి 22 ఏళ్లయింది. అంత పాత బల్ల ఉండి కూడా తగవు సమ్మె దాకా ఎందుకు వెళ్లిందన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. తీసివేసినవారిని 1977లో ప్రభుత్వం మారాక తిరిగి తీసుకున్నారు. మా పక్కింటి బాబాయిగారూ మళ్లీ ఇంజను ఎక్కారు.

మా ఆఫీసు సంగతి

నా ప్రశ్నకు జవాబు నాకు మా ఆఫీసులోనే దొరికింది. ఇది చెప్పుకోవడానికి నాకు సంతోషంగా లేదు, అయినా ఈ వయసులో దాచుకుని ప్రయోజనం లేదు.

1984లో మా ఆఫీసు చౌకీదారు ఒకాయన సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు వరకు డ్యూటీ చేసేవాడు. రెండో పోస్టు ఖాళీ. వారపు సెలవు లేదు. మేము ఆ విషయాన్ని ఎజెండాలో పెట్టాము. సమావేశంలో అరగంట చర్చ జరిగింది. మినిట్స్ ముసాయిదా వ్రాసేది నేనే. ఆరు వారాలలో రెండో మనిషిని వేస్తామని అధ్యక్షస్థానంలో ఉన్న అధికారి అన్న మాట నేను విన్నాను. మరునాడు హెడ్ క్లర్కు వచ్చి, గడువు తీసివేసి విషయం పరిశీలనలో ఉన్నది అని వ్రాయమన్నాడు. నా యూడీసీ ప్రమోషన్ కాగితం అప్పుడు అదే అధికారి బల్ల మీద ఉంది. నేను అలాగే వ్రాశాను. సంతకం కూడా చేశాను.

తరువాత 14 నెలలు కౌన్సిల్ సమావేశం కాలేదు. ఒకసారి ఇన్‌స్పెక్షన్ అన్నారు, ఒకసారి బడ్జెట్ అన్నారు. నేను సాయంత్రం ఇంటికి బయలుదేరేటపుడు ఆ చౌకీదారు గేటు దగ్గర లేచి నిలబడి, బాబూ, నా సంగతి ఏమైందని అడిగేవాడు. వచ్చే మీటింగులో అయిపోతుందని చెప్పేవాడిని. ఆయన ఆ డ్యూటీలోనే రిటైరయ్యాడు. రెండో పోస్టు మంజూరు ఉత్తర్వు మూడు నెలల తరువాత వచ్చింది. పెన్షను కాగితాల మీద వేలిముద్రలకు వచ్చినపుడు ఆయనకు ఆ మాట చెప్పాను. కొత్తవాడికి ఆదివారం ఇస్తున్నారా అని అడిగాడు. ఇస్తున్నారని చెప్పాను. మంచిదే బాబూ అని కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు.

నా ప్రమోషను సకాలంలోనే వచ్చింది.

1988లో వేరే అధికారి వచ్చారు. స్టాఫ్ సైడ్ మీద ఆయనకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. అడిగిన వాటిలో సగం కుదరదనే చెప్పేవారు. కాని ఆయన ఒక పని చేశారు. రెండు నెలలకోసారి రెండో మంగళవారం అని తేదీ నిర్ణయించి గోడ మీద వ్రాయించారు. ఎజెండా లేకపోయినా కూర్చునేవారు. మొదటి అంశం ఎప్పుడూ గత సమావేశం నిర్ణయాల మీద ఏం చేశారన్నదే. మినిట్స్ అక్కడే చదివి, ఇద్దరి సంతకాలూ అయ్యాకే టీ తెప్పించేవారు. రెండేళ్లలో ఏళ్ల తరబడి ఆగిన జీపీఎఫ్ స్లిప్పులు వచ్చాయి, ఆడవారికి వేరే మరుగుదొడ్డి వచ్చింది, సైకిలు షెడ్డు వచ్చింది. గేటు ముందు ధర్నాలు దాదాపు ఆగిపోయాయి. కుదరదన్న విషయాలకు కూడా కారణం వ్రాతలో ఉండేది కనుక మేము పైకి తీసుకుపోగలిగాము.

విట్లీ వ్రాసినదీ, గిరిగారు నైనిటాల్‌లో వాదించినదీ నాకు అప్పుడు అర్థమైంది. బల్ల బలం దాని తేదీలో ఉంది, దాని మినిట్స్‌లో ఉంది. తేదీ తప్పితే తగవు వీధిలోకి వెళుతుంది. మినిట్స్ తప్పితే మనిషి నమ్మకం పోతుంది. మొదటిది అధికారుల తప్పు కావచ్చు. రెండోదానిలో నాబోటివాళ్ల చేయి కూడా ఉంటుంది.

మిగిలిన పని

గిరిగారు 1974 ఆగస్టులో పదవీ విరమణ చేశారు. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. భార్య సరస్వతీబాయి గారు, పద్నాలుగురు సంతానం ఉన్న పెద్ద కుటుంబం ఆయనది. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఆయన కోరిన బల్ల నేటికీ ఉంది, కాని తేదీలు తప్పుతూనే ఉన్నాయి. నాలుగు నెలలకోసారి కూర్చోవలసిన నేషనల్ కౌన్సిల్, నేను రిటైరైన 2010 మే తరువాత మళ్లీ 2019 ఏప్రిల్‌లోగాని సమావేశం కాలేదు. ఆ తొమ్మిదేళ్లలో ఎన్ని ఆఫీసుల్లో ఎందరు చౌకీదార్లు రిటైరయ్యారో! అయినా 2025 జనవరిలో ఎనిమిదవ వేతన సంఘం ప్రకటన వచ్చినపుడు పరిశీలనాంశాల మీద స్టాఫ్ సైడ్ సూచనలు అడిగారు. బల్ల ఉన్నది కనుకనే అడిగారు. ఆ వేతన సంఘం మాట మన పెన్షన్లకు కూడా తగిలేదే.

సభ్యులకు నా మనవి ఒక్కటి. మనం పెన్షన్ అదాలత్‌లకు, బ్యాంకు మేనేజర్ల దగ్గరకు వెళుతున్నాము. వెళ్లేటపుడు వ్రాతలో వెళదాం. వచ్చిన జవాబును తేదీతో సహా మన సంఘం రిజిస్టరులో వ్రాసుకుందాం. మన నెలవారీ సమావేశంలో మొదటి అంశంగా గత నెల నిర్ణయాల సంగతి చదువుదాం. ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరుగుతున్న మన సోదరీమణులు మన సంఘంలో కొందరు ఉన్నారు. వారి విషయం పరిశీలనలో ఉన్నదని ఎవరూ వ్రాయకుండా చూసే బాధ్యత నాకివ్వమని కార్యదర్శిగారిని ఈ పత్రిక ద్వారానే కోరుతున్నాను. మినిట్స్ వ్రాయడం నాకు ఇంకా చేతనవుతుంది. ఈసారి విన్నది విన్నట్టు వ్రాస్తాను.